సీప్యాప్ పడనివారికి డెంటిస్టు పరికరం సరిపోతుందా?

ప్రశ్న: నిద్రలో ఊపిరి ఆగే జబ్బు (స్లీప్ ఆప్నియా) కోసం చేసిన స్లీప్ స్టడీలో ఏహెచ్‌ఐ (గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె) 18 వచ్చి, సీప్యాప్ (గొంతు మూసుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) మాస్కు పడకపోతే డెంటిస్టు అమర్చే నోటి పరికరం పనిచేస్తుందా?

జవాబు 1: ప్రయత్నించవచ్చు. ఏహెచ్‌ఐ 15–30 ఉంటే జబ్బు మధ్యస్థం కిందికి వస్తుంది. పరికరం కింది దవడను ముందుకు పట్టి ఉంచడంతో నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుపోవడం తగ్గుతుంది. దవడ ఎంతవరకు ముందుకొస్తుందో కొలిచి, దాదాపు సగం దగ్గర మొదలుపెట్టి, అర మిల్లీమీటరు చొప్పున జరుపుతారు. తొందరపడి ఎక్కువ జరిపితే చెవి ముందున్న కీలు నొప్పెడుతుంది.

జవాబు 2: పళ్లు కదులుతుంటే, చిగుళ్ల జబ్బుంటే ముందు దాని సంగతి చూడాలి. పట్టంతా పళ్లమీదే కదా! పొద్దున వెనక పళ్లు కలవడం లేదంటే డెంటిస్టుకు చెప్పండి. వదిలేస్తే పైపళ్లు, కిందిపళ్లు కలిసే తీరు శాశ్వతంగా మారొచ్చు.

జవాబు 3: గురక ఆగినా ఊపిరి ఆగడం మిగిలి ఉండొచ్చు. అమరిక కుదిరాక, పరికరం పెట్టుకునే మళ్లీ స్లీప్ స్టడీ చేయించాలి. చాలామంది వదిలేసేది ఇదే.