బ్యాంకాక్‌లో నాలుగు రోజులు: అమ్మతో వెళ్తున్నాము, ఏది చూడాలి, ఏది వదులుకోవాలి?

ప్రశ్న

సంక్రాంతి వెళ్లాక జనవరి మూడో వారంలో నేను, నా భార్య, మా అమ్మ బ్యాంకాక్ వెళ్తున్నాము. బుధవారం రాత్రి హైదరాబాదులో బయలుదేరి, ఆదివారం రాత్రి తిరుగు విమానం ఎక్కుతాము. అమ్మకు అరవై ఆరేళ్లు. నడవగలరు గానీ మెట్లంటే మోకాళ్లు మొరాయిస్తాయి, పైగా పూర్తి శాకాహారి. రాజప్రాసాదం, వాట్ ఫో, వాట్ అరుణ్ గుళ్లు, చతుచక్ సంత, పాత రాజధాని అయుత్తయ, సముద్రతీరంలోని పట్టాయా అని జాబితా రాసుకున్నాను. ఇన్ని కుదురుతాయా?

మొదటి సమాధానం

పట్టాయాను కొట్టివేయండి, రానుపోను ప్రయాణమే సగం రోజు తినేస్తుంది. పాతనగరం చూడటానికి మాత్రం కారు కన్నా నది మేలు. స్కైట్రైనులో సఫాన్ తాక్సిన్ స్టేషనులో దిగితే పక్కనే సాతోర్న్ రేవు ఉంటుంది. అక్కడ నారింజ రంగు జెండా ఉన్న పడవ ఎక్కి తా చాంగ్ రేవులో దిగితే, రాజప్రాసాదం నాలుగడుగుల దూరం. ఉదయం ఎనిమిదిన్నరకు తలుపులు తెరుస్తారు, ఆ వేళకే అక్కడ ఉండండి. పదిన్నర దాటితే ఎండా జనమూ రెండూ భరించలేము. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్నది అక్కడి నియమం కనుక నిక్కరు వేసుకుని వెళ్లకండి.

ఆవరణలోని మరకత బుద్ధుని ఆలయం చుట్టూ ఉన్న వసారా గోడల మీద రామకియన్, అంటే వారి రామాయణం, 178 చిత్రాలుగా ఉంది. అమ్మగారిని అక్కడ తొందరపెట్టకండి. దశకంఠుడు అక్కడ తోత్సకన్. మన బ్రహ్మచారి హనుమంతుడు వారి కథలో రావణుని కూతురైన సువర్ణమత్స్యను వలచి వారధి కట్టే పని నడిపిస్తాడు. మా అత్తగారు ఆ కథ విని చాలాసేపు నొచ్చుకున్నారు, ఆ తరువాత నవ్వేశారు.

వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూసి, తా తియెన్ రేవులో బల్లకట్టు లాంటి చిన్న పడవలో అవతలి ఒడ్డుకు దాటితే వాట్ అరుణ్. దాని మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. పింగాణీ ముక్కలు పొదిగిన ఆ గోపురాన్ని అమ్మగారు కింద కూర్చుని చూసినా లోటేమీ ఉండదు.

దారిలో ఎవరైనా మర్యాదగా పలకరించి, ప్రాసాదం ఈ రోజు మూసి ఉంది, వేరే గుడి చూపిస్తానని టుక్‌టుక్ ఎక్కమంటే నమ్మవద్దు. మేము నమ్మి, రత్నాల దుకాణంలో తేలాము.

రెండో సమాధానం

భోజనం గురించి ఎవరూ చెప్పలేదు. కూరగాయలతో చేశామన్న వంటలో కూడా నామ్ ప్లా అనే చేపల రసం పడుతుంది కనుక, శాకాహారం అని అడిగితే సరిపోదు, ‘జే’ అని అడగండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్నవి జే దుకాణాలు, వాటిలో మాంసం, చేప, గుడ్డే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. రోటీ, పప్పు కావాలంటే పాహురాత్ వీధుల్లో మనవారి హోటళ్లు దొరుకుతాయి. అయినా కందిపొడి, పులిహోర ముద్ద సంచిలో పడేసుకోండి.

అయుత్తయ మాత్రం వదలవద్దు. ఎనభై కిలోమీటర్లే, రైలుంది. 1350లో మన అయోధ్య పేరు పెట్టి కట్టుకున్న ఆ రాజధానిని 1767లో బర్మా సైన్యం తగలబెట్టింది. తలలు లేని బుద్ధ విగ్రహాల వరుసలు ఆ మాట నేటికీ చెబుతాయి. శిథిలాల మధ్య నీడ తక్కువ కాబట్టి అక్కడ రోజంతా వాహనం మాట్లాడుకోండి, రెండు మూడు గుళ్లతో సరిపెట్టండి.

అడిగినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. గురువారం విశ్రాంతి, సాయంత్రం పాహురాత్, శుక్రవారం నది, ప్రాసాదం, శనివారం అయుత్తయ, ఆదివారం ఉదయం చతుచక్ అనుకుంటున్నాము. పట్టాయా పోయిందని నా భార్య కాస్త అలిగింది.

మొదటి సమాధానమిచ్చినవారు

చతుచక్ అసలు సంత శని, ఆదివారాల్లోనే కనుక ఆ వరుస బాగుంది. మో చిట్ స్టేషనులో దిగండి. మరొక్కటి: థాయిలాండ్‌లో దిగే ముందు మూడు రోజుల లోపు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, రుసుము అడిగే సైటు కనిపిస్తే వెంటనే మూసేయండి.