బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ డిస్‌ప్లే లేదు

నల్లగొండ డీటీపీ:
అందరికీ నమస్కారం. క్లాక్ టవర్ దగ్గర మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీల డిజైన్లు అన్నీ ఒకే సిస్టం మీద నడుస్తాయి. అందులో ఏఎండీ ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బీ450 మదర్‌బోర్డు, రైజెన్ 3 2200జీ ప్రాసెసర్ ఉన్నాయి. పని పెరిగిందని రైజెన్ 5 5600జీ కొన్నాను. దానికి ముందుగా బయోస్, అంటే ఆన్ చేయగానే బోర్డును లేపే ప్రోగ్రాం, కొత్తది ఎక్కించాలని చదివి, తయారీదారు వెబ్‌సైటు నుంచి నా బోర్డుకే చెందిన ఫైలు తెచ్చి అప్‌డేట్ మొదలుపెట్టాను. సగం దాటిన తర్వాత కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కానీ దాని బ్యాటరీ పాతది కావడంతో పది సెకన్లయినా ఆగలేదు.

ఇప్పుడు బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది, బీప్ కూడా రాదు. చూపించిన చోట బోర్డు పోయిందని, కొత్తది వేయించుకోవాలని అన్నారు. పదకొండేళ్ల పత్రికల డిజైన్లు ఈ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. అవి దక్కుతాయా అన్నదే నా మొదటి భయం. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మిర్యాలగూడ చిప్‌లెవల్:
అన్నా, ముందు ఆ భయం వదిలేయండి. బయోస్ అనేది బోర్డు మీద ఉండే ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. హార్డ్‌డిస్క్‌తో దానికి సంబంధం లేదు కాబట్టి మీ డిజైన్లు ఎక్కడివి అక్కడే ఉంటాయి. మనసు నిమ్మళం కాకపోతే డిస్క్ విప్పి ఇంకో సిస్టంకు తగిలించి చూసుకోండి.

ఇక బోర్డు సంగతి. చెడిపోయింది అందులోని ప్రోగ్రాం మాత్రమే, మళ్లీ రాస్తే లేస్తుంది. బోర్డు వెనుక యూఎస్‌బీ పోర్టుల దగ్గర గానీ, లోపల అంచున గానీ బయోస్ ఫ్లాష్ బటన్ ఉందేమో చూడండి. ఒక్కో కంపెనీ దీనిని ఒక్కో పేరుతో పిలుస్తుంది: ఆసుస్ బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటుంది, గిగాబైట్ క్యూ-ఫ్లాష్ ప్లస్ అంటుంది, ఎంఎస్‌ఐ ఫ్లాష్ బయోస్ బటన్ అంటుంది. ఈ సౌకర్యం ఉంటే ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా సరే, ఎస్‌ఎంపీఎస్ (బోర్డుకు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి 24 పిన్నుల కేబులు, ప్రాసెసర్ పక్కన పెట్టే 8 పిన్నుల కేబులు తగిలించి ఉంటే చాలు, పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ తనంతట తానే ఎక్కుతుంది. ఫైలు పేరు ఎలా ఉండాలో, పెన్‌డ్రైవ్ ఏ పోర్టులో పెట్టాలో మీ బోర్డు పుస్తకంలో రాసి ఉంటుంది. ఈ రెండింటిలో ఏది తప్పినా పని జరగదు.

కల్వకుర్తి విద్యార్థి:
సార్, మా హాస్టల్‌లో ఒక సిస్టం ఇలాగే డిస్‌ప్లే ఇవ్వకపోతే మదర్‌బోర్డు మీది గుండ్రటి సెల్ తీసి పది నిమిషాల తర్వాత మళ్లీ పెట్టాం, వెంటనే వచ్చింది. మీరు కూడా ముందు అదే చేసి చూడండి.

మిర్యాలగూడ చిప్‌లెవల్:
తమ్ముడు చెప్పింది తప్పు కాదు, కానీ అది వేరే రోగానికి మందు. ఆ సీఆర్2032 సెల్ నిలబెట్టేది గడియారాన్ని, సెట్టింగులను మాత్రమే. అప్‌డేట్ పూర్తయిన తర్వాత పాత సెట్టింగులు కొత్త బయోస్‌తో పొసగక సిస్టం ఆగిపోతే, సెల్ తీస్తే బాగుపడుతుంది. అప్‌డేట్ మధ్యలోనే తెగిపోతే ప్రోగ్రామే సగం ఉంటుంది గనుక ఎన్నిసార్లు సెల్ తీసినా లాభం లేదు. ఇంకొక మాట: సెల్ తీసేటప్పుడు వెనుక కరెంటు తీగ పెరికే ఉంచాలి. తీగ ఉన్నంతసేపు ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది, సెట్టింగులు చెరిగిపోవు. తీగ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకొని, ఆ తర్వాతే సెల్ తీయాలి.

నల్లగొండ డీటీపీ:
చాలా ధన్యవాదాలు. డిస్క్‌ను మా అక్క వాళ్ల కంప్యూటర్‌కు తగిలించి చూశాను, ఫైళ్లన్నీ ఉన్నాయి. నిన్నటి నుంచి ఇప్పుడే అన్నం సయించింది. మా బోర్డుకు వెనుక ఫ్లాష్ బటన్ ఉంది. పుస్తకంలో చెప్పినట్టే ఫైలు పేరు మార్చి, 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి, గుర్తు ఉన్న పోర్టులో పెట్టి బటన్ నొక్కాను. దీపం నాలుగైదు సార్లు మిణికి ఆగిపోయింది. మూడు సార్లు చేసినా అంతే.

వనపర్తి సిస్టమ్స్:
అది పెన్‌డ్రైవ్ సమస్య అయి ఉంటుంది. ఈ బటన్ పద్ధతికి పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే తీరు, అంటే ఫార్మాట్, ఫ్యాట్32 అయి ఉండాలి. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ కొట్టే చోట 32 జీబీ దాటిన వాటికి ఫ్యాట్32 అనే ఎంపికే కనిపించదు. ఇంట్లో పాత 8 జీబీదో 16 జీబీదో ఉంటే దానిని వాడండి. ఫైలు పేరు కూడా మరొకసారి చూడండి. విండోస్ ఫైళ్ల చివరి అక్షరాలను దాచిపెడుతుంది కాబట్టి, మనం పేరు మార్చేటప్పుడు చుక్క తర్వాతి భాగం కూడా టైపు చేస్తే అది రెండుసార్లు పడుతుంది, బోర్డు ఆ ఫైలును గుర్తించదు. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానిని టిక్ చేస్తే అసలు పేరు కనిపిస్తుంది.

దీపం మిణుకుతున్నంతసేపు దేనినీ ముట్టుకోకండి, ఐదు నుంచి పది నిమిషాలు పట్టవచ్చు. ఈసారి మంచి బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ లైనుకు పెట్టుకోండి. ఎక్కిన తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర వెంటనే రాకపోయినా, సిస్టం తనంతట తాను ఒకటి రెండు సార్లు ఆగి లేచినా కంగారుపడవద్దు. బోర్డు ర్యామ్‌ను కొత్తగా సరిచూసుకుంటుంది. డీడీఆర్5 ర్యామ్ ఉన్న ఏఎం5 బోర్డులలో ఈ పనికే కొన్ని నిమిషాలు పోతాయి. నా దగ్గరికి అప్‌డేట్ తర్వాత చనిపోయిందని తెచ్చిన ఒక బోర్డును నేను చేసింది ఏమీ లేదు, ఆన్ చేసి పక్కన పెట్టి టీ తాగి వచ్చేసరికి డిస్‌ప్లే వచ్చి ఉంది.

నల్లగొండ డీటీపీ:
వచ్చింది! రెండు పొరపాట్లూ నావే. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది, ఫైలు పేరు చివర రెండుసార్లు పడింది. పాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో ఆరు నిమిషాలకు దీపం ఆరిపోయింది, పాత ప్రాసెసర్‌తోనే తెర వచ్చింది. అయితే విండోస్ లేవడం లేదు, బూట్ డివైస్ దొరకలేదని చెబుతోంది. బయోస్‌లో చూస్తే హార్డ్‌డిస్క్ పేరు మాత్రం కనిపిస్తోంది. విండోస్ మళ్లీ ఎక్కించాలా? పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ప్రింటర్ల డ్రైవర్లు అన్నీ తిరిగి పెట్టాలంటే నాకు రెండు రోజులు పడుతుంది, మూఢాలు పోయి ముహూర్తాలు మొదలయ్యాయి.

మిర్యాలగూడ చిప్‌లెవల్:
ఎక్కించవద్దు, ఫార్మాట్ అసలే కొట్టవద్దు. బయోస్ కొత్తగా రాస్తే సెట్టింగులన్నీ కంపెనీవి వచ్చేస్తాయి. మీ విండోస్ పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్ (డిస్క్ భాగాల పాత తరహా పట్టిక) ఉన్న డిస్క్ మీద ఉండి, కొత్త బయోస్ యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతిని మాత్రమే చూస్తుంటే ఇదే జరుగుతుంది. బూట్ మెనూలో పాత పద్ధతిలోనూ లేవనిచ్చే సీఎస్ఎం అనే ఎంపిక ఉంటుంది. దానిని ఎనేబుల్ చేసి, సేవ్ చేసి, మళ్లీ ఆన్ చేయండి.

ఎంబీఆర్‌ను యూఈఎఫ్‌ఐకి కావలసిన జీపీటీ పట్టికగా మార్చడానికి ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు 2017 నుంచి విండోస్ 10లోనే వస్తోంది, డేటా పోకుండానే మారుస్తుంది. కానీ డిస్క్‌లో మూడు కంటే ఎక్కువ ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్‌లోని ప్రధాన భాగాలు) ఉన్నా, లాజికల్ డ్రైవులు (ఒక భాగం లోపల చేసిన చిన్న భాగాలు) ఉన్నా అది ఒప్పుకోదు. మన డీటీపీ షాపుల పాత డిస్కులలో డీ, ఈ డ్రైవులు ఎక్కువగా లాజికల్‌గానే ఉంటాయి. సీజన్ అయ్యేదాకా సీఎస్ఎంతో నడిపించుకొని, డిజైన్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ తీసిన తర్వాతే ఆ పని పెట్టుకోండి.

పాలమూరు లెక్చరర్:
ఈ సందర్భంలో నాకు జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే నా విషయంలో అప్‌డేట్ చక్కగానే పూర్తయింది. విండోస్ 11 ఉన్న నా ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ కాగానే నీలి తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడిగింది. డిస్క్‌కు తాళం వేసి ఉందన్న సంగతే నాకు తెలియదు. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో అది దానంతట అదే పడిపోతుంది, కీ ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది. ఫోనులో అదే ఖాతా తెరిచి, కీ చూసి కొట్టాను, తెరుచుకుంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటే నా పరిశోధన వ్యాసం అందులోనే ఉండిపోయేది. అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసి, కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలని మా విద్యార్థులందరికీ ఇప్పుడు చెబుతున్నాను.

నల్లగొండ డీటీపీ గారూ, మీరు కొత్త ప్రాసెసర్ పెట్టగానే ఎఫ్‌టీపీఎంను (తాళాల కీలను దాచే ప్రాసెసర్‌లోని భాగం) రీసెట్ చేయాలా అని అడిగి, వై గానీ ఎన్ గానీ నొక్కమనవచ్చు. బిట్‌లాకర్ లేకపోతే వై నొక్కవచ్చు. ఉంటే మాత్రం కీ చేతిలో పెట్టుకోకుండా వై నొక్కవద్దు.

గద్వాల మీసేవ:
మా బోర్డుకు ఆ ఫ్లాష్ బటన్ లేదు. రెండేళ్లుగా అలమారలో పడి ఉంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి పంపడం తప్ప వేరే దారి ఉందా?

మిర్యాలగూడ చిప్‌లెవల్:
ఉంది. చిప్‌లెవల్ పని తెలిసినవారు ప్రోగ్రామర్ అనే పరికరంతో చిప్‌లో నేరుగా రాస్తారు. సీహెచ్341ఏ అనే చిన్న పరికరం, చిప్‌కు పట్టించే క్లిప్ ఉంటే చాలు, చాలాసార్లు చిప్ ఊడదీయనక్కర లేదు. అయితే నేర్చుకునే రోజుల్లో నేను ఒక బోర్డును పూర్తిగా పోగొట్టాను కాబట్టి జాగ్రత్తలు వివరంగా రాస్తున్నాను.

చిప్ మీది నంబరును భూతద్దంతో చదివి అది 3.3 వోల్టులదా, 1.8 వోల్టులదా ముందే తేల్చుకోవాలి. 1.8 చిప్‌కు ప్రత్యేక అడాప్టర్ లేకుండా కరెంటు ఇస్తే అది కాలిపోతుంది, నేను చేసిన తప్పు అదే. రాయడానికి ముందు చిప్‌లో ఉన్నదాన్ని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చి చూడాలి. తేడా వస్తే క్లిప్ సరిగా కూర్చోలేదని అర్థం. ఆ పాత ఫైలును ఎన్నటికీ చెరపవద్దు. నెట్‌వర్క్‌లో బోర్డును గుర్తించే మ్యాక్ అడ్రస్, సీరియల్ నంబరు, కంపెనీ సిస్టమ్స్‌లో అయితే విండోస్ లైసెన్స్ కీ కూడా ఆ చిప్‌లోనే ఉంటాయి, వేరే బోర్డు నుంచి తెచ్చిన ఫైలు రాస్తే అవి మారిపోతాయి లేదా పోతాయి.

కొత్త ఫైలు పరిమాణం కూడా చూడాలి. 16 ఎంబీ చిప్‌కు సరిగ్గా 1,67,77,216 బైట్లు ఉండాలి. వెబ్‌సైటు ఫైలు దానికంటే కొంచెం పెద్దగా ఉంటే ముందు హెడర్ (ఫైలు వివరాల అదనపు ముక్క) అతికించి ఉందని అర్థం, దానిని తీసేయకుండా రాస్తే బోర్డు లేవదు. ఇంకా, బోర్డు మీద అచ్చు వేసి ఉన్న రివిజన్ నంబరును వెబ్‌సైటుతో సరిపోల్చండి, ఒకే పేరున్న బోర్డుకు రివిజన్ మారితే బయోస్ కూడా మారవచ్చు. మీ బోర్డు నంబరు, చిప్ నంబరు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.

నల్లగొండ డీటీపీ:
సీఎస్ఎం ఎనేబుల్ చేయగానే విండోస్ ఎప్పటిలాగే లేచింది. ఒకరోజు పాత ప్రాసెసర్‌తో నడిపి చూసి, రాత్రి షాపు మూసిన తర్వాత 5600జీ పెట్టాను. లెక్చరర్ గారు చెప్పినట్టే ఎఫ్‌టీపీఎం గురించి అడిగింది. మాకు బిట్‌లాకర్ లేదు కనుక వై నొక్కాను. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాను, డిజైన్లు ఇంకో డిస్క్‌లోకి కాపీ అవుతున్నాయి. ఉదయం నుంచి నాలుగు పత్రికలు ప్రింటుకు వెళ్లాయి. గద్వాల అన్నా, ఆ బోర్డును తూకానికి వేయకండి, చిప్ ఫొటో పెట్టండి.

గద్వాల మీసేవ:
అలమార నుంచి తీశాను. చిప్ మీద 25క్యూ128 అని ఉంది, మిగతా అక్షరాలు దుమ్ములో కనిపించడం లేదు. తుడిచి రేపు పగటి వెలుతురులో ఫొటో పెడతాను.