సమస్య: "చచ్చి లేచి మరలఁ జంపె నతఁడు"

నిర్వాహకులు:
బ్యాటిల్‌ఫీల్డ్ 6 అనే తుపాకుల వీడియో గేమ్ (2025 అక్టోబరు 10న వచ్చింది) మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ పాదం నోట్లో ఆడుతోంది. తుపాకుల కంటే నాకు నచ్చింది వేరే: కిందపడ్డ తోటివాణ్ణి గోడ చాటుకి ఈడ్చుకుపోతూ బతికించొచ్చు. సపోర్ట్ పాత్ర ఎంచుకున్నవాళ్లకు షాకిచ్చే డీఫిబ్రిలేటర్ ఉంటుంది; మిగతావాళ్లు తమ స్క్వాడ్‌లోని వాళ్లను చేతులతోనే లేపాలి. ఆ కాసేపూ ఒకటే టెన్షన్, ఇద్దరూ శత్రువు గురిలోనే. పూరించండి. ‘రీస్పాన్ అయ్యాడు’ (చచ్చి మళ్లీ ఆటలోకి వచ్చాడు) అని ఒక్క మాటతో తేల్చేస్తే మాత్రం ఒప్పుకోను.

తేనెపట్టు:
కూలినట్టివాని గోడ చాటున కీడ్చి
మిత్రుఁ డసువు నిలుప మేలుకొనుచు
పగను బూని వైరిఁ బట్టి యా యాటలో
చచ్చి లేచి మరలఁ జంపె నతఁడు

గణవిభజన:
తేనెపట్టు గారూ, ఈడ్చడం కళ్లకు కట్టింది. కూ-గో యతి హాయిగా పడింది. కానీ ‘ఆటలో’ ద్రుతాంతం (చివర ‘న్’ ఉన్న మాట), దాని తర్వాతి ‘చ’ ‘జ’ అవుతుంది, కాబట్టి కింద ‘జచ్చి’ కావాలి. ‘వైరిఁ బట్టఁగ మిత్రమా’ అంటే చిక్కు తీరుతుంది.

తేనెపట్టు:
చిక్కు తీరుతుంది గానీ ఆట పోతుంది కదండీ! ఆ మాట తీసేస్తే అది నిజం యుద్ధమైపోతుంది, చచ్చినవాడు లేవడం కుదరదు. ‘యాటలోఁ / జచ్చి’ అనే ఉంచుతాను.

నిర్వాహకులు:
ఉంచండి. సరళాదేశం (ఇలా ‘చ’ ‘జ’గా మారడం) వచ్చినంత మాత్రాన సమస్య మార్చినట్టు కాదు.

ఒంటిశరం:
ఈడ్చేవాళ్లూ లేపేవాళ్లూ ఉన్నచోట ఇది సమస్యే కాదు. కౌంటర్-స్ట్రైక్ అనే మరో తుపాకుల గేమ్‌లో 1999 నుంచీ రౌండ్లో పోయినవాడు ఆ రౌండు అయ్యేదాకా చూస్తూ కూర్చోవాల్సిందే. నేను అక్కడ పూరించాను.

తోడు వచ్చినట్టి తోటివారలు కూల
నొంటి యయ్యె, గోడ యొద్ద నక్కి
యడుగు సద్దు వినఁగ నంతట గెలుపాశ
చచ్చి లేచి మరలఁ జంపె నతఁడు

తేనెపట్టు:
విరుపు బాగుంది, కాదనను. చచ్చింది మనిషి కాదు, ఆశ. అడుగుల సద్దు ఆడినవాళ్లకే తడుతుంది. అది ఎడమనా కుడినా, పై అంతస్తులోనా అని పోల్చుకోవడంలోనే సగం ఆట ఉంది. అయితే చచ్చింది ఆశ, చంపింది అతడు. క్త్వార్థానికీ (‘చచ్చి’ లాంటి క్రియకూ) చివరి క్రియకూ కర్త ఒక్కరే ఉండాలని చేప సమస్యలో నాకు పాఠం చెప్పింది మీరే. ‘నీటిలోనఁ జేప నీరు వెదకె’కు నేను ‘ఆకలి చచ్చి’ అని రాస్తే మూడు వ్యాఖ్యల పొడుగునా తప్పు పట్టారు.

ఒంటిశరం:
అక్కడ ఆకలి ఎవరిదో తేలలేదు, అందుకే అన్నాను. ‘కాలు జారి పడ్డాడు’ అంటాం కదా. జారింది కాలు, పడింది మనిషి. తనలో భాగమైన దాన్ని భాష ఒప్పుకుంటుంది.

గణవిభజన:
ఆ పద్యంలో చేప తప్ప ఇంకెవరూ లేరు, ఆకలి మరెవరిదండీ? ఒంటిశరం గారూ, తేనెపట్టు గారి పద్యం అప్పుడూ ఒప్పే, మీది ఇప్పుడూ ఒప్పే. నాకు పట్టుకున్నది ‘మరల’. మీవాడు అంతకుముందు ఎవరినీ చంపలేదు. గోడ పక్కన నక్కి ఉన్నాడంతే. మళ్లీ చంపడం ఎక్కడిది?

ఒంటిశరం:
సరైన ప్రశ్న. మొదటి పాదం ఇలా మారుస్తున్నాను:
వైరిఁ గూల్చి, తోడివారెల్లఁ బోవఁగ
తక్కినవి యథాతథం.

నిర్వాహకులు:
ఇప్పుడు ‘మరల’కు ఆధారం దొరికింది, ఒక్కడు మిగిలేదాకా రౌండు ఎలా నడిచిందో కూడా తెలుస్తోంది. అభినందనలు. తేనెపట్టు గారూ, మీ ‘మరల’కూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. రెండో పాదంలో చోటుంది, చూడండి.