బోరు, డాక్టర్ బండి ఇస్తాం, అడవి నరకొద్దంటే ఒప్పుకోవాలా?

సిరోంచ వాసి:
గడ్చిరోలి జిల్లా, మా సిరోంచ తాలూకాలో అడవి అంచున ఉన్న ఊరికి ఒక సంస్థవాళ్లు వచ్చారు. బోరు వేయిస్తారట, సోలార్ దీపాలు పెడతారట, నెలకు రెండుసార్లు డాక్టర్ బండి పంపుతారట. బదులుగా చెట్టు నరకబోమని ఊరంతా రాసివ్వాలి. ఎవరు నరికినా బండి ఆగిపోతుంది. ఊరు రెండు వర్గాలైంది. మీరేమంటారు?

అంకీస టీచర్:
నన్నడిగితే ఒప్పుకోవాలి. ఇండోనేషియాలో, బోర్నియో దీవిలోని గునుంగ్ పలుంగ్ నేషనల్ పార్కు పక్కన 2007లో ఒక క్లినిక్ మొదలైంది. వర్షారణ్యం నరకడం మానిన ఊళ్లకు అక్కడ ఫీజు తగ్గిస్తారు. చేతిలో డబ్బు లేకపోతే మొక్కలు, ఎరువు, అల్లిన బుట్టలు ఏవైనా ఇచ్చి వైద్యం చేయించుకోవచ్చు. పదేళ్లలో పార్కులో అడవి నష్టం దాదాపు 70 శాతం తగ్గిందని 2020లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆస్పత్రి ఖర్చు కోసమే చాలామంది కలప కొట్టేవాళ్లు. ఆ అవసరం తీరాక గొడ్డలి పక్కన పెట్టారు.

రాయగడ తెలుగమ్మాయి:
టీచర్ గారూ, అక్కడ మీకేం కావాలని ముందు ఊళ్లనే అడిగారు. వైద్యం, సేంద్రియ సాగు నేర్పడం కావాలన్నది ఊళ్లే. సిరోంచలో జాబితా ముందే రాసుకొని వచ్చినట్టుంది. రాత్రిపూట ఎవడో టేకు దుంగ దాటిస్తే, జ్వరంతో ఉన్న పిల్లాడికి డాక్టర్ రాకపోవడం ఏం న్యాయం? నీళ్లు, వైద్యం సర్కారు ఎలాగూ ఇవ్వాల్సినవే కదా. మా ఒడిశాలో నియమగిరి కొండల సంగతి తెలిసిందే. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంటే రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నాయి. కొండ తమదన్న ధీమాతోనే అలా చెప్పగలిగారు.

సిరోంచ వాసి:
అక్కా, మా జిల్లాలోనే మెంఢా లేఖా అనే ఊరు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2009లో దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద ఊరంతటికీ సామూహిక హక్కు తెచ్చుకుంది. 2011లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ వచ్చి, వెదురు రవాణా పర్మిట్లు గ్రామసభ చేతికే ఇచ్చారు. అమ్మకం, కాపలా రెండూ గ్రామసభవే. హక్కు పోకుండా ఉంటేనే ఒప్పందం అని నేననేది అందుకే.

అయినా టీచర్ గారి మాట కొట్టిపారేయను. మా దగ్గర అడవికి చేటు గొడ్డలి ఒక్కటే కాదు. ఎండాకాలం మొదట్లో ఇప్పచెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెడతారు, పూలు కనపడటానికి. గాలి తిరిగితే ఆ మంట చెట్టు కిందే ఆగదు, మొలకలన్నీ మాడిపోతాయి. పూలేరే ఆడవాళ్లను తిట్టి లాభం లేదు, ఆకుల్లో ఒక్కో పువ్వు వెతుక్కోవాలంటే పొద్దంతా పడుతుంది. చెట్టు కింద కట్టే వల ఇస్తే నిప్పు అవసరమే ఉండదు, పూలకు మన్నూ అంటదు. సంస్థవాళ్లు ఇవ్వాల్సింది ఇలాంటివి. సోలార్ దీపాలు ఎవరడిగారు?

అంకీస టీచర్:
వల మాట బాగుంది. మరి దొంగకలప కొట్టేవాడిని ఎవరు ఆపాలి?

సిరోంచ వాసి:
గ్రామసభే. కొట్టినవాడి మీదే జరిమానా పడాలి, డాక్టర్ బండి మాత్రం ఆగకూడదు. కాపలా తిరిగేవాళ్లకు సంస్థ కూలి ఇవ్వాలి. తునికాకు, వెదురు మీద ఊరి హక్కుకు అడ్డు రామని కాగితంలో రాయాలి. ఈ మూడూ చేరిస్తే సంతకం పెడదామని గ్రామసభలో చెప్పబోతున్నా. చేర్చకపోతే సంస్థవాళ్లను ఆగమని, సామూహిక హక్కు దరఖాస్తు ముందు పెడదాం.