స్లాగ్ రోడ్డు కింద నుంచి ఊరే నీటి పీహెచ్ తగ్గడం లేదు

మా యార్డు రోడ్డుకు అడుగు పొరగా ఉక్కు కన్వర్టర్ స్లాగ్ (ఉక్కు తయారీలో మిగిలే చిట్టెం) పరిచాం. వాన పడిన మర్నాటి నుంచి పక్క కాలువలోకి ఊరే నీటి పీహెచ్ 11.5 నుంచి 12 మధ్య ఉంటోంది. నాలుగైదు రోజులు ఎండ కాసినా 11 కిందికి రావడం లేదు. కాలువ అడుగున తెల్లటి గట్టి పొర కడుతోంది. యాసిడ్ చుక్క వేస్తే నురగ వస్తోంది కాబట్టి అది కాల్షియం కార్బొనేటే. స్లాగ్‌లో మిగిలిన ఫ్రీ లైమ్ (వేరే వాటితో కలవకుండా ఉండిపోయిన సున్నం) కరగడమే దీనికి కారణం. కాలువ ఒక కుంటలో కలుస్తుంది, అందులో ఇప్పుడు కప్పలు లేవు. నా టెన్షన్ అంతా దాని గురించే.

పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపితే పీహెచ్ 8కి వచ్చి, కొన్ని గంటల్లో మళ్లీ ఎక్కుతోంది. పైగా కుంట పక్కన యాసిడ్ డ్రమ్ములు పెట్టడం నాకు ఇష్టం లేదు. సున్నపురాయి కంకర వేశాం. ఇంత క్షారంలో అది కరగదు, ఫలితం లేదు. తారు పగుళ్లు పూడ్చాక ఊట తగ్గింది గానీ ఆగలేదు, భూగర్భ జలం పక్క నుంచి చేరుతోంది. స్లాగ్ తవ్వి తీయడం కుదరదు.

ఊట నిమిషానికి సుమారు 10 లీటర్లు. గాలి తగిలేలా మెట్ల కాలువ కట్టి, దాని తర్వాత రెల్లు మడి పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఇంత నీటిని పీహెచ్ 9 కిందికి తేవడానికి మడి ఎన్ని చదరపు మీటర్లు ఉండాలి?