నడుం నొప్పికి గ్యాసే కారణమా?

కుర్చీమనిషి:
కొన్ని వారాలుగా నడుం నొప్పి. దాంతోపాటే పొట్ట ఉబ్బరం, త్రేన్పులు. గ్యాస్ పోతే నడుం కాస్త తేలికపడుతోంది. "గ్యాస్ నడుంలోకి దిగింది" అంటున్నారు ఇంట్లోవాళ్లు. రెండింటికీ సంబంధమే లేదు, రోజంతా కూర్చోవడం వల్లే అంటాడు నా స్నేహితుడు. ఎవరిది నిజం?

వెన్నుపూస:
మీ స్నేహితుడిదే. గ్యాస్ ఉండేది పేగుల్లో. పేగు గోడ దాటి నడుం కండరాల్లోకి వెళ్లడానికి దానికి దారి లేదు. నడుం నొప్పుల్లో చాలావరకు కండరాలు, లిగమెంట్లు పట్టేయడం వల్ల వచ్చేవే. మనవాళ్లకి మెడ పట్టినా గ్యాసే, చెయ్యి లాగినా గ్యాసే!

పాతకాపు:
గ్యాస్ పోతే తగ్గుతోందని ఆయనే చెప్తుంటే సంబంధం లేదంటారేమిటండీ? పడేవాడికి తెలియదా?

రాత్రిడ్యూటీ:
నర్సుని, నాకు తెలిసింది చెప్తాను. గ్యాస్ నడుంలోకి రాదు, నొప్పి మాత్రం వస్తుంది. పేగు ఉబ్బి సాగినప్పుడు ఆ కబురు మోసే నరాలూ, వీపు నుంచి వచ్చే నరాలూ వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి. నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. గుండెపోటు నొప్పి ఎడమ చేతిలో తెలిసేదీ ఇందుకే. ఐబీఎస్ (పేగుల పనితీరు గాడి తప్పి పొట్టనొప్పి, విరేచనాల్లో తేడాలు వచ్చే సమస్య) ఉన్నవాళ్లు, మలబద్ధకం ఉన్నవాళ్లు నడుం నొప్పి అని చెప్పడం మామూలే.

వెన్నుపూస:
అది కాదనను. కానీ వంగినా, కుర్చీలోంచి లేచినా నొప్పి పెరుగుతోందా? అలా కదలికతో మారేది ఎక్కువగా వెన్ను నొప్పే. గంటలకొద్దీ కూర్చుంటే నడుమూ పట్టేస్తుంది, పేగుల కదలికా మందగిస్తుంది. అంటే రెండూ కుర్చీ నుంచే వచ్చి ఉండొచ్చు.

మాత్రలడబ్బా:
ఏది ముందు మొదలైందో అడగరేం? నడుం నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మింగితే కడుపు లోపలి పొర దెబ్బతిని మంట, ఉబ్బరం వస్తాయి. ట్రామడాల్ అయితే మలబద్ధకం.

కుర్చీమనిషి:
నడుమే ముందు. డైక్లోఫెనాక్ వేసుకుంటున్నా, డాక్టర్‌ని అడక్కుండానే. లేచేటప్పుడు నొప్పి ఎక్కువే.

పాతకాపు:
అయితే దానికో గ్యాస్ మాత్ర జోడిస్తే సరి.

రాత్రిడ్యూటీ:
ఆ "సరి" దగ్గరే నా పేచీ. గ్యాసేలే అని ఇంట్లో సర్దుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లని చూస్తూనే ఉంటాం. పిత్తాశయంలో రాళ్లుంటే, ముఖ్యంగా కొవ్వు పదార్థాలు తిన్నాక, కుడి పక్కటెముకల కింద మొదలైన నొప్పి కుడి భుజం వెనక్కి పాకుతుంది. ఉబ్బరంగానూ ఉంటుంది. పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాపు నొప్పి పైపొట్ట నుంచి వీపులోకి పొడుచుకుపోతుంది, పడుకుంటే పెరుగుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త ఊరట. కిడ్నీ రాయి నొప్పి డొక్కలోంచి గజ్జల్లోకి దిగుతుంది. 50 దాటిన ఆడవాళ్లలో కొత్తగా మొదలై వారాల తరబడి తగ్గని ఉబ్బరం అండాశయ క్యాన్సర్‌కి గుర్తు కావచ్చు. ఇక చెమటలు, ఆయాసం, దవడ నొప్పి, వీపు పైభాగంలో బరువు ఉంటే గ్యాస్ మాత్ర కాదు, అంబులెన్స్ కావాలి.

పాతకాపు:
ఇలా భయపెడితే ప్రతి త్రేన్పుకీ స్కానింగ్‌కి పరిగెత్తాలి.

రాత్రిడ్యూటీ:
అక్కర్లేదు. జ్వరం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడటం ఉంటే మాత్రం ఆగకూడదు. తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం, మలం పట్టు తప్పినా ఆ గంటలోనే వెళ్లాలి.

వెన్నుపూస:
ఇంకొకటి. వయసు 45 లోపా? పొద్దున్నే నడుం బిగుసుకుపోయి, తిరిగితే తగ్గి, పడుకుంటే పెరుగుతుంటే అది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను కీళ్ల వాపు జబ్బు కావచ్చు. కొందరిలో దానితో పేగు వాపూ ఉంటుంది.

కుర్చీమనిషి:
వయసు 38, పొద్దున బిగుసుకోవడం లేదు. మీరు చెప్పిన ప్రమాద లక్షణాలూ లేవు. డైక్లోఫెనాక్ ఆపేసి రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా.

మాత్రలడబ్బా:
ఎన్నాళ్లుగా, రోజుకి ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి.

పాతకాపు:
గ్యాస్ పోతే నడుం తేలికపడుతోందన్న సంగతీ చెప్పండి. ఇక్కడ సగం మంది దాన్ని వదిలేశారు.