సాగు బంగాళాదుంపను అడవి జాతులతో కణస్థాయిలో కలపడం ఎందుకు?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం)

పెద్దలకు నమస్కారం. వృక్షశాస్త్రం సెమినార్‌కు బంగాళాదుంపలో కణసంయోగం (రెండు మొక్కల కణాలను ఒకటిగా కలపడం) అనే అంశాన్ని తీసుకున్నాను. మన రైతుబజార్లకు వచ్చే దుంప చాలావరకు ఉత్తరాదిదే కనుక ఇక్కడ ఈ పంటను దగ్గరగా చూసే వీలు నాకు కలగలేదు. సొలానమ్ బల్బోకాస్టానమ్ అనే మెక్సికో అడవి జాతికి ఆకులను, దుంపలను కుళ్లబెట్టే లేట్ బ్లైట్ తెగులును తట్టుకునే శక్తి ఉందని, దానికోసం కణాలను కలిపారని చదివాను. రెండూ ఒకే ప్రజాతివి అయినప్పుడు పుప్పొడితో సంకరం చేస్తే సరిపోదా? కణసంయోగంతో పుట్టిన మొక్కను నేరుగా పొలంలో ఎందుకు నాటరు?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, పెదవాల్తేరు)

అమ్మా, ప్రజాతి ఒకటే అయినా అడ్డు గింజలోనే ఉంది. పిండాన్ని పోషించే అంకురచ్ఛదం సరిగా పెరగాలంటే అందులో తల్లి వాటా, తండ్రి వాటా రెండుకు ఒకటిగా ఉండాలి. ఈ వాటాను క్రోమోజోముల లెక్కతో కాక, సంకర ప్రయోగాల ఆధారంగా ప్రతి జాతికీ నిర్ణయించిన అంకురచ్ఛద సమతుల్య సంఖ్యతో కొలుస్తారు. సాగు బంగాళాదుంపకు అది 4, బల్బోకాస్టానమ్‌కు 1. అందువల్ల ఫలదీకరణ జరిగినా గింజ తాలుగానే మిగులుతుంది. కణసంయోగానికి పువ్వుతోనూ గింజతోనూ పనిలేదు. ఆకు ముక్కలను సెల్యులేజ్, పెక్టినేజ్ ఎంజైముల్లో నానబెట్టి కణకవచాన్ని కరిగిస్తారు. పలుచని పొర మాత్రమే మిగిలిన ప్రోటోప్లాస్టులు నీరు పీల్చి పగిలిపోకుండా ద్రావణంలో మానిటాల్ కలుపుతారు. ఆపైన పాలీఇథిలీన్ గ్లైకాల్‌తో గాని, క్షణకాలపు విద్యుత్ ఘాతంతో గాని రెండింటి పొరలనూ ఏకం చేస్తారు.

సాగు రకంలో 48 క్రోమోజోములు, ఈ అడవి జాతిలో 24 ఉంటాయి కనుక నేరుగా కలిపితే 72 వస్తాయి. అందుకే చాలామంది ముందుగా సాగు రకం నుంచి సగం, అంటే 24 క్రోమోజోములే ఉన్న మొక్కను (డైహాప్లాయిడ్) తీసి, దానినే అడవి జాతితో కలుపుతారు. అప్పుడు సంకరంలో 48 ఉండి, సాగు రకాలతో మళ్లీ సంకరపరచడం తేలికవుతుంది. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ సి-13 అనే డైహాప్లాయిడ్‌ను సొలానమ్ పిన్నాటిసెక్టమ్ అనే మరో అడవి జాతితో కలిపినది ఈ పద్ధతిలోనే.

ఇక పొలం మాట. తెగులును తట్టుకునే గుణం ఒంటరిగా రాదు, అడవి జాతి జన్యుపదార్థమంతా వెంట వస్తుంది: చిన్న దుంపలు, పొడవైన స్టోలాన్లు (కొసన దుంప కట్టే నేలలోపలి కాండాలు), గ్లైకోఆల్కలాయిడ్లనే చేదు విషపదార్థాలు. వీటిని వదిలించుకోవడానికి సాగు రకాలతో తరాల తరబడి బ్యాక్‌క్రాస్ చేయక, అంటే మళ్లీ మళ్లీ సంకరపరచక తప్పదు. బంధుత్వం మరీ దూరమైతే ఆ అవకాశమూ ఉండదు. 1978లో జర్మనీలో మెల్కర్స్ బృందం బంగాళాదుంప, టమాటా కణాలను కలిపి సృష్టించిన పొమాటో బంగాళాదుంపగానూ టమాటాగానూ పనికిరాలేదు.

జవాబు (కణజాల వర్ధన ప్రయోగశాల ఉద్యోగి, గాజువాక)

మాస్టారు చెప్పినదానికి కొంత చేర్చాలి. పుప్పొడి దారి పూర్తిగా మూసుకుపోలేదు. నెదర్లాండ్స్‌లో సొలానమ్ అకౌలే, సొలానమ్ ఫ్యురేజా జాతులను వంతెనలుగా వాడి బల్బోకాస్టానమ్ గుణాన్ని సాగు దుంపలోకి తెచ్చారు. బయోనికా, టొలూకా రకాలు ఆ వంశానివే. అయితే అందుకు దశాబ్దాలు పట్టింది. అమెరికాలో విస్కాన్సిన్ పరిశోధకులు కణసంయోగ సంకరాల సంతతిలో ఆ నిరోధక గుణాన్ని 8వ క్రోమోజోము మీద గుర్తించారు, ఆర్‌బి అనే ఆ జన్యువును 2003లో వేరుచేశారు. నా దృష్టిలో ఈ పద్ధతి సాధించిన అసలు లాభం అదే.

ప్రయోగశాలలో ఎక్కువ శ్రమ కలపడంలో కాక, ఏది కలిసిందో తేల్చుకోవడంలో ఉంటుంది. ఒకే జాతి కణాలు తమలో తాము కలిసిపోతాయి, కొన్ని అసలు కలవవు. కాలస్ (కలిసిన కణాలు పెరిగి ఏర్పడే రూపులేని ముద్ద) నుంచి మొక్కలు వచ్చాక, జాతిని గుర్తుపట్టే డీఎన్ఏ మార్కర్లతో పరీక్షించి, క్రోమోజోములు లెక్కపెట్టి చూస్తేగాని నిజమైన సంకరం ఏదో తెలియదు. పైగా క్లోరోప్లాస్టులు సాధారణంగా ఎవరో ఒకరివే మిగులుతాయి గాని, మైటోకాండ్రియా డీఎన్ఏ మాత్రం రెండు వైపులదీ కలగలిసిపోతుంది. కాబట్టి ఒకే ప్లేటులో పుట్టిన సంకరాలు కూడా ఒకదానినొకటి పోలి ఉండవు.

విద్యార్థిని:

ధన్యవాదాలు. బయటి జన్యువును విడిగా చొప్పించలేదు కనుక దీనిని జన్యుమార్పిడి పంటగా లెక్కించరనుకోవచ్చా?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, పెదవాల్తేరు)

మన దేశంలో అలా అనుకోవడానికి వీలులేదమ్మా. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాలు, సహజంగా జరగని పద్ధతుల్లో చేసే కణసంకరణాన్ని జన్యు సాంకేతికత నిర్వచనంలోనే చేర్చాయి. ఐరోపా సమాఖ్య 2001 నాటి ఆదేశం మాత్రం, సంప్రదాయ సంకరణ పద్ధతులతో జన్యువులు ఇచ్చిపుచ్చుకోగల మొక్కల మధ్య కణసంయోగాన్ని తన నియంత్రణ నుంచి మినహాయించింది. సెమినార్‌లో ఈ తేడాను చెప్పేటప్పుడు ఏ దేశపు చట్టం గురించి మాట్లాడుతున్నారో ముందే స్పష్టం చేయండి.